తెరవరాని తాళం

ఆవిడకు కళ్ళద్దాల దుకాణంలో పని. ఫ్రేముల్లో అద్దాలు బిగిస్తుంది. ఆవగింజంత మరలను, కంటికి ఆనని స్క్రూలను వేలి కొసలతో తిప్పడం ఇరవై ఏళ్ళుగా అలవాటు. అలాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం తన ఇంటి తలుపు బయటే నలభై నిమిషాలు నిలబడిపోయింది. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో గొడుగు. తాళంచెవి మాత్రం లోపల వంటింటి గట్టు మీద ఉంది. అత్తగారు తన దగ్గరున్న తాళంచెవితో తలుపుకి తాళం వేసుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళారు. ఆఫీసులో ఉన్న భర్తకు ఫోను చేస్తే ఆయన "నీకు ఎన్నిసార్లు చెప్పాను" అని మొదలుపెట్టి, ఎన్నిసార్లు చెప్పాడో తేదీలతో సహా చెప్పి పెట్టేశాడు. ఇక గత్యంతరం లేక వీధి చివర తాళాలు బాగుచేసే ముసలాయనను పిలిచింది.

ఆయన తీరుబడిగా మెట్లెక్కి వచ్చాడు. తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి రెండు సన్నటి ఇనుప పుల్లలు తీశాడు. "ఇవాళ ఎండ చూశావామ్మా..." అని మొదలుపెట్టిన మాట ముగిసేలోగా తలుపు తెరుచుకుంది.

ఇంకొకరైతే అమ్మయ్య అనుకుని లోపలికి వెళ్ళి ఫ్యాను కింద కూలబడేవారు. ఆవిడ గడప దాటలేదు. ఇరవై ఏళ్ళుగా తన వేళ్ళ పనితనం గురించి ఆవిడకు కొంచెం గర్వం ఉండేది. అది ముసలాయన ఆ ఒక్క మాట ముగించేలోగా సగం కరిగిపోయింది.

"బాబాయ్, అదెలా తీశావ్?" అని అడిగింది.

"తీస్తే వచ్చింది."

"నాకు నేర్పుతావా?"

ముసలాయన ఆవిడ సంచినీ, సంచిలోంచి తొంగిచూస్తున్న తోటకూర కాడలనూ ఎగాదిగా చూశాడు. "దొంగతనానికి ఈ వయసులో కష్టమమ్మా. గోడలు కూడా ఎక్కాలి."

"దొంగతనానికి కాదు. ఎలా తెరుచుకుంటుందో చూడాలని. అంతే."

నలభై ఏళ్ళ వృత్తిలో ఆయనను ఈ మాట అడిగినవాళ్ళు లేరు. అందరూ ఎంత తొందరగా తీస్తావనే అడిగేవారు. ఆయన పుల్లలు జేబులో పెట్టుకుంటూ, "రెండు మాటలకి ఒప్పుకుంటే నేర్పుతా. నీది కాని తాళం ముట్టుకోకూడదు. నీదే అయినా, తలుపుకి వేసుకునే తాళం ముట్టుకోకూడదు. లోపల ఏదైనా విరిగిందంటే మళ్ళీ ఇలాగే సంచి పట్టుకుని నిలబడతావ్" అన్నాడు.

ఆవిడ రెండింటికీ ఒప్పుకుంది. మర్నాటి నుంచి దుకాణం మూశాక పది నిమిషాలు ఆయన బడ్డీ దగ్గర ఆగి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆయన ఒక పాత తాళాన్ని విప్పి చూపించాడు. లోపల చిన్న గొట్టం. దాని మీద వరసగా ఐదు నిలువు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో రెండు ముక్కలైన పిన్ను, ఆ పైన స్ప్రింగు. సరైన తాళంచెవి దూర్చితే ఐదు పిన్నులూ వాటి వాటి ఎత్తుకు లేస్తాయి, రెండు ముక్కల మధ్య గీత గొట్టం అంచుకు సరిగ్గా వస్తుంది, గొట్టం తిరుగుతుంది. సంగతంతా ఇంతే. ఇంత పెద్ద భవనాలనూ, బీరువాలనూ, అందరి ధైర్యాన్నీ ఈ ఐదు ఇత్తడి ముక్కలే కాస్తున్నాయని తెలిసి ఆవిడకు నవ్వొచ్చింది.

"తాళంచెవి ఐదింటినీ ఒకేసారి లేపుతుంది. మనం ఒక్కోదాన్నీ బతిమాలుకోవాలి" అన్నాడు ముసలాయన. "ఈ వంకర పుల్లతో గొట్టాన్ని ఊరికే తిప్పుతున్నట్టు పట్టుకో. అప్పుడు ఐదింట్లో ఒక పిన్ను బిగుసుకుంటుంది. ఈ రెండో పుల్లతో దాన్ని వెతికి పైకి నెట్టు. టిక్ మంటుంది. తర్వాత ఇంకోటి బిగుసుకుంటుంది."

"అన్నీ ఒకేసారి బిగుసుకోవా?"

"తాళం చేసినవాడు దేవుడైతే బిగుసుకునేవి. మనిషే కదా. రంధ్రాలు వెంట్రుకవాసి అటూ ఇటూ వస్తాయి. దాని మీదే మన బతుకు."

మొదట రెండే పిన్నులున్న తాళం ఇచ్చాడు. ఆవిడ పళ్ళు బిగించి వంకర పుల్లను నొక్కింది. ఏదీ కదల్లేదు. వారం రోజులు ఏదీ కదల్లేదు. ఎనిమిదో రోజు ముసలాయన ఆవిడ చూపుడు వేలును చూసి, "ఇదేమిటమ్మా, గోరు తెల్లబడిపోయింది? కళ్ళద్దాలు ఇలాగే బిగిస్తావా?" అన్నాడు. అలా బిగిస్తే అద్దం పగిలిపోతుంది కదా అనుకుంది ఆవిడ. అనుకోగానే చెయ్యి దానంతటదే వదులైంది. టిక్ మంది. ఇంకోసారి టిక్ మంది. గొట్టం గిర్రున తిరిగింది. పెళ్ళిచూపుల నాడు కూడా ఆవిడ ముఖం అంత ఎర్రబడలేదు.

ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. దానికి కారణం భర్త.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్స్పెక్టరు. రాయి మీద ముద్ర ఉంటే అది కిలో, లేకపోతే అది ఉత్త రాయి. లోకాన్ని ఆయన అలాగే చూసేవాడు. ముద్ర పడిన కాగితంలో ఉన్నది నిజం. మిగతాదంతా జనం అనుకునే మాట. ఇరవై నాలుగు ఇళ్ళున్న వాళ్ళ భవనానికి ఆరేళ్ళుగా సెక్రటరీ కూడా ఆయనే. ఆ ఆరేళ్ళలో గేటుకు గొలుసు, డాబా తలుపుకు తాళం, నీళ్ళ ట్యాంకు మూతకు తాళం, ఆఖరికి నోటీసు బోర్డుకు కూడా అద్దం తలుపూ తాళమూ వచ్చాయి. అలాంటి మనిషికి తాళమంటే ఐదు ఇత్తడి ముక్కలని ఏ నోటితో చెప్పగలదు?

అందుకని బాత్రూములో అభ్యాసం చేసేది. రోజుకు గంటసేపు గడియ పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మూడు పిన్నుల తాళం, ఆ తర్వాత నాలుగు పిన్నుల తాళం. వారం రోజులు గమనించిన భర్త భార్యకు జీర్ణశక్తి దెబ్బతిన్నదని నిర్ణయించుకుని, ముద్ర ఉన్న మందుల దుకాణం నుంచి ఒక పొడి తెచ్చాడు. ఉదయం, సాయంత్రం గోరువెచ్చని నీళ్ళల్లో ఒక చెంచా. ఆవిడ రెండు పూటలా తాగింది. తాళాలు నేర్చుకున్న తొమ్మిది నెలల్లో ఆవిడ పడిన కష్టమల్లా ఆ పొడే.

అత్తగారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఒకరోజు బాత్రూము తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, కడుపు నొప్పయితే టిక్కు టిక్కుమని చప్పుడెందుకొస్తోంది?" అని అడిగారు.

కోడలు తలుపు తీసి తాళం చూపించింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి ఒక చిన్న ఇనుప పెట్టె ఈడ్చుకొచ్చారు. "పదకొండేళ్ళయింది దీని తాళంచెవి పోయి. మీ ఆయన్ని అడిగితే పగలగొడతానంటాడు. పగలగొట్టడానికి వాడెందుకు, సుత్తి చాలదూ? తియ్యి."

కోడలు పావుగంటలో తీసింది. లోపల ఒక శాలువా, నాలుగు ఫోటోలు, ఒక గుడ్డ మూట. మూటలో ఆ పెట్టె తాళంచెవులు రెండూ ఉన్నాయి.

"జాగ్రత్తగా ఉంటాయని లోపల పెట్టి తాళం నొక్కేసినట్టున్నాను" అన్నారు అత్తగారు ఏ మాత్రం సిగ్గుపడకుండా. ఆనాటి నుంచి కొడుకు కాస్త పెందలాడే ఇంటికి వస్తున్నాడనిపిస్తే బాత్రూము తలుపు మీద రెండుసార్లు కొట్టడం ఆవిడ బాధ్యత.

ఈలోగా సెక్రటరీగారు ఒక పెద్ద పని తలకెత్తుకున్నాడు. ఇరవై నాలుగు ఇళ్ళకూ పాత తాళాలు తీసేసి కొత్తవి వేయించాలి. ఆయన ఎంచుకున్న తాళానికి తలుపు మూస్తే చాలు, దానంతటదే పడుతుంది. తాళంచెవి లేకుండా ప్రపంచంలో ఎవరూ తెరవలేరని కంపెనీ ముద్ర వేసి మరీ ఇచ్చిన కాగితం ఒకటి దానితో వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన ప్లాస్టిక్ కవరులో పెట్టించి, భోజనాల బల్ల దగ్గర భార్యకూ తల్లికీ చదివి వినిపించాడు.

"ఏమండీ, ఎవరూ అంటే... కొంచెం నేర్పున్నవాళ్ళకైనా..." అంది భార్య.

"ఎవరూ అంటే ఎవరూ" అని ఆయన ఆ వాక్యాన్నే ఇంకోసారి చదివాడు.

ఆదివారం ఉదయం డాబా మీద సమావేశం పెట్టారు. ఒక బల్ల మీద చెక్క ముక్కకు బిగించిన తాళాన్ని నిలబెట్టారు. కంపెనీ మనిషి అరగంట మాట్లాడాడు. సెక్రటరీ అంతటితో ఊరుకోలేదు. మాటలు కాదు, పరీక్ష జరగాలన్నాడు. అలా అని వీధి చివరి ముసలాయనను పిలిపించాడు. ఆయన తన శిష్యురాలి వైపు చూడకుండా వచ్చి, తాళం ముందు కూర్చున్నాడు. పది నిమిషాలు కుస్తీ పట్టాడు. నుదురు తుడుచుకున్నాడు. నిట్టూర్చాడు. చివరికి లేచి చేతులు జోడించి, "నా వల్ల కాదు బాబూ. ఇంత గట్టి తాళం నేను పుట్టి ఎరగను" అన్నాడు. డాబా అంతా చప్పట్లతో మోగింది. సెక్రటరీ ఛాతీ ఉప్పొంగింది. ప్రతి ఇంటివాళ్ళూ అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. సాయంత్రం సరాసరి బడ్డీ దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, నువ్వు వంకర పుల్లను అసలు తిప్పనే లేదు."

"చూశావా? బాగానే నేర్చుకున్నావే" అన్నాడు ముసలాయన టీ గ్లాసు కింద పెడుతూ.

"ఎందుకలా చేశావ్?"

"తీశాననుకో. అంతమంది చూస్తుండగా తీశాను. రేపు ఎవరింట్లో ఉంగరం పోయినా ముందు ఎవరి బడ్డీకి వస్తారు? తీయలేదనుకో. ముసలాడికి చేత కాలేదంటారు. ఆ మాటతో నాకు జ్వరం రాదు."

"మరి వాళ్ళంతా ఆ కాగితం నిజమనుకుంటున్నారు!"

"అనుకోనీ అమ్మా. నలభై ఏళ్ళలో దొంగలు పడిన ఇళ్ళు ఎన్నో చూశాను. తాళం తీసి దూరినవి రెండంటే రెండు. మిగతావాళ్ళంతా కిటికీలోంచి వచ్చారు. తలుపుకి మూడు తాళాలేసి కిటికీ బార్లా తెరుచుకుని పడుకుంటే తాళమేం చేస్తుంది?"

ఆవిడకు ఆ జవాబు నచ్చలేదు. అదే రకం తాళం తన కోసం ఒకటి కొనుక్కుని బాత్రూములోకి వెళ్ళింది.

అది నిజంగా గడుసుదే. నాలుగు పిన్నులు లొంగేవి. గొట్టం కొంచెం తిరిగేది. తెరుచుకుంది అనుకునేలోపు అక్కడే ఆగిపోయేది. వచ్చిందనిపించి రాకపోవడం ఆవిడను ఇరవై రోజులు ఏడిపించింది. అందులో ఒక పిన్నుకు నడుము సన్నగా చేసి పెట్టారనీ, అది సగంలో తట్టుకుని మోసం చేస్తోందనీ ముసలాయనే చెప్పాడు. అలాంటప్పుడు పట్టు కొంచెం సడలించాలి. సడలిస్తే కష్టపడి నిలబెట్టిన మిగతా పిన్నులు జారిపోవచ్చు. ఎంత సడలించాలో ఎవరూ చెప్పలేరు. ఇరవై ఒకటో రోజు తెలిసింది. ఆ రోజు కూడా భర్త పొడి కలిపి బయట నిలబడి ఉన్నాడు.

ఆవిడ ఆయనకు చెప్పాలని చూసింది. రెండుసార్లు. మొదటిసారి ఆయన ప్లాస్టిక్ కవరు తెచ్చి చదివి వినిపించాడు. రెండోసారి తేవడం కూడా అనవసరమని కంఠతా అప్పజెప్పాడు.

మూడు నెలలకు ఇరవై నాలుగు తలుపులకూ కొత్త తాళాలు పడ్డాయి. ప్రతి తాళానికీ మారు తాళంచెవి ఒకటి సంఘం గదిలో ఉండాలని సెక్రటరీ నియమం పెట్టాడు. అక్కడ గోడకు వరసగా మేకులు, మేకుల కింద ఇంటి నంబర్లు. ఆ గది తలుపుకూ అదే తాళం.

ఒక శనివారం ఉదయం మూడో అంతస్తులో ఉండే సంగీతం టీచరు పొయ్యి మీద పాలు పెట్టి, చెత్త బుట్ట బయట పెట్టడానికి తలుపు దాటింది. గాలికి తలుపు మూసుకుంది. తాళం దానంతటదే పడింది, కాగితంలో రాసినట్టే. ఆవిడ కేకలకు సెక్రటరీ పరుగున వచ్చాడు. "కంగారు పడకండి. దీని కోసమే కదా మారు తాళంచెవి పెట్టించాను" అంటూ రెండేసి మెట్లు దిగుతూ సంఘం గదికి వెళ్ళాడు. అక్కడ జేబులన్నీ తడుముకున్నాడు. అంతకు పది నిమిషాల ముందే ఆ గదిలో కూర్చుని ఏదో రాసుకుని, తాళంచెవి బల్ల మీద వదిలి, తలుపు మూసి బయటికి వచ్చాడు. ఆ తాళమూ తన పని తాను చక్కగా చేసింది.

ఆయన తిరిగి పైకి వచ్చేసరికి తలుపు కింద నుంచి పొగ సన్నగా వస్తోంది. మాడు వాసన. భవనమంతా మెట్ల మీదే ఉంది. ముసలాయనకు ఫోను చేస్తే ఎక్కడో దూరంగా పనిలో ఉన్నాడు, వచ్చేసరికి గంట పడుతుందన్నాడు. "తలుపు పగలగొట్టండి" అన్నారెవరో. "అది పగలదండీ, దానికి ఇనుప పట్టీ వేయించాను" అన్నాడు సెక్రటరీ, ఆ సమయంలో కూడా కొంచెం గర్వంగానే.

అప్పుడు గుంపు వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "మా కోడలు తీస్తుంది, తప్పుకోండి."

అందరూ వెనక్కి తిరిగారు. కోడలికి ముసలాయన మాటలు గుర్తొచ్చాయి. నీది కాని తాళం ముట్టుకోకు. తలుపుకున్న తాళం ముట్టుకోకు. మొదటి రోజు ఒప్పుకున్న రెండు మాటలూ ఒక్కసారే తప్పాలి. సంగీతం టీచరు వైపు చూసింది. ఆవిడ ఏడుస్తూ, "తియ్యి అక్కయ్యా, నీకు పుణ్యముంటుంది" అంది. కోడలు తమ ఇంట్లోంచి పుల్లల సంచి తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏం చేస్తున్నావ్ నువ్వు? అది రాదు" అన్నాడు భర్త.

"కొంచెం వెలుతురుకి అడ్డం తప్పుకోండి."

"రాదంటే వినవేం? కంపెనీవాళ్ళే రాదన్నారు. ఆ ముసలాయన వల్లే కాలేదు. నీ వల్ల..."

"ఒరేయ్, నోరు ముయ్యి. దానికి చప్పుడు వినపడాలి" అన్నారు అత్తగారు.

మొదటిసారి పట్టు సడలి, అప్పటికి నిలబెట్టిన మూడు పిన్నులూ జారిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది. టిక్. టిక్. గొట్టం కొంచెం తిరిగి ఆగింది. అక్కడే ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పట్టు సడలించింది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు, తలుపు తెరుచుకుంది. నలుగురు లోపలికి దూకి పొయ్యి ఆర్పేశారు. గిన్నె నల్లగా బొగ్గయింది. పక్కనున్న గుడ్డ ఒకటి అంటుకోబోతోంది. అంతకు మించి నష్టం లేదు.

అందరి ముఖాలూ తేటపడ్డాయి. సెక్రటరీ ముఖం మాత్రం పాలిపోయింది. తెరిచి ఉన్న తలుపును ఆయన, ముద్ర ఉండి కూడా తక్కువ తూగిన రాయిని చూసినట్టు చూస్తున్నాడు.

ఇంటికి వెళ్ళగానే ప్లాస్టిక్ కవరు తీసి కాగితం ఇంకోసారి చదువుకున్నాడు. చివరికి, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

"తొమ్మిది నెలలు."

"మరి ఆ పొడి?"

"తాగాను కదండీ."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా!"

"రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ కాగితం వినిపించారు."

ఆ రోజు సాయంత్రం వరకు భవనంలో ఆవిడను మెచ్చుకోని వాళ్ళు లేరు. సంగీతం టీచరు వచ్చి కౌగిలించుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. మర్నాటికి జనం కొంచెం ఆలోచించుకున్నారు. రెండు రోజులు గడిచేసరికి ఆలోచన ముదిరింది. తాళం తెరుచుకున్న సంగతి వదిలేసి, తెరిచినావిడ తమ భవనంలోనే ఉంటుందన్న సంగతి పట్టుకున్నారు. మొదటి అంతస్తులో ఎవరిదో గొడుగు కనిపించలేదు. లిఫ్టులో ఆవిడ ఎక్కితే మాటలు ఆగిపోయేవి. తలుపుకు లోపలి వైపు గొలుసు వేయించుకున్న మొట్టమొదటి మనిషి సంగీతం టీచరే. "నీ గురించి కాదక్కయ్యా, ఊరికే" అని తనే వచ్చి చెప్పింది.

వారం తిరగకుండా సమావేశం జరిగింది. పదవీ విరమణ చేసిన రిజిస్ట్రారుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "ఆ అమ్మాయి చేసింది మంచిపనే. కాదనను. కానీ అలాంటి పనిముట్లు ఒకరి చేతిలో ఉండటం సంఘానికి క్షేమం కాదు. వాటిని సంఘం గదిలో, బీరువాలో భద్రపరచాలని ప్రతిపాదిస్తున్నాను."

"ఆ గదికి ఏ తాళం ఉంది బాబూ?" అని అత్తగారు అడిగారు.

"కొత్త తాళమేనండీ."

"ఊఁ. మంచిది" అన్నారావిడ.

ఒక్కరూ నవ్వలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దాన్ని రిజిస్టరులో రాయవలసింది సెక్రటరీ. "సదరు తాళము తెరుచుకొనలేదు, తెరవబడినది" అని రాసి, ఆ రెండింటికీ తేడా ఉందని అందరికీ వివరించి, భార్య చేతిలోంచి పుల్లల సంచి అందుకున్నాడు. ఆవిడ ఇచ్చేసింది. ముసలాయన దగ్గర ఇంకో జత ఉందా అని ఆవిడను ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పది రోజులకు రిజిస్ట్రారుగారు మెట్ల మలుపు దగ్గర ఆవిడను ఆపారు. అటూ ఇటూ చూసి, "అమ్మా, నా బల్ల సొరుగు తాళంచెవి ఎక్కడో పడిపోయింది. లోపల ముఖ్యమైన కాగితాలున్నాయి. నీకు వీలున్నప్పుడు ఓ నిమిషం..." అన్నారు.

"నా పనిముట్లు సంఘం బీరువాలో ఉన్నాయండీ. సెక్రటరీగారికి అర్జీ పెట్టుకోండి."

"సెక్రటరీ అంటే మీ ఆయనే కదమ్మా!"

"అవునండీ. ఆయనకు మాత్రం కాగితం ఉండాలి."

రిజిస్ట్రారుగారు అర్జీ రాశారు. సెక్రటరీ దానికి నంబరు వేసి, కొత్త రిజిస్టరు తెరిచి, పుల్లల సంచి భార్యకు ఇచ్చి సంతకం తీసుకున్నాడు. అరగంట తర్వాత తిరిగి తీసుకుని మళ్ళీ సంతకం తీసుకున్నాడు. సొరుగులో ముఖ్యమైన కాగితాలేవీ లేవు. డాక్టరు మానేయమన్న చుట్టల పెట్టె ఉంది. ఆవిడ చూడనట్టు ముఖం తిప్పుకుంది. ఆ మర్యాద సంగతి ఎలా పాకిందో గానీ, ఆ తర్వాత సూట్‌కేసులు, సైకిలు తాళాలు, ఒక పియానో మూత, ఇలా వరసగా వచ్చాయి. రెండు నెలల్లో తీర్మానానికి చేతులెత్తిన ఇరవై నాలుగు ఇళ్ళలో పదిహేడు ఇళ్ళవాళ్ళు అర్జీలు పెట్టారు. "ఏ పని నిమిత్తము" అన్న గడిలో అందరూ ఒకే మాట రాశారు: "సొంత పని".

ఈ సంతకాల మధ్య సెక్రటరీలో ఏదో మారింది. భార్య పని చేస్తుంటే పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట రిజిస్టరు కోసం. తర్వాత రిజిస్టరు మూసేసి కూడా కూర్చునేవాడు. ఒకరోజు ఇంకో కంపెనీ మనిషి వచ్చి, ఇంతకంటే మంచి తాళం, దీన్ని అసలు ఎవరూ తెరవలేరు అంటూ ముద్ర వేసిన కాగితం ఇచ్చాడు. సెక్రటరీ కాగితం తీసుకున్నాడు గానీ చదవలేదు. తాళాన్ని ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద భార్య ముందు పెట్టి, కాగితాన్ని బోర్లించాడు.

"నెల రోజులు టైము తీసుకో" అన్నాడు. "బాత్రూములో వద్దు. ఇక్కడే కూర్చో, వెలుతురుంటుంది."

ఆవిడ తొమ్మిది రోజుల్లో తీసింది. సెక్రటరీ ఆ కంపెనీకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. వాళ్ళు ధన్యవాదాలు తెలిపి, మళ్ళీ అదే కాగితం పంపించారు. మరో కంపెనీ తాళం తెప్పించాడు. అది మూడు వారాలు నిలబడింది. ఈసారి ఉత్తరంలో "మా పరీక్షాధికారి" అని రాశాడు. అలా రాసిన సంగతి భార్యకు చెప్పలేదు. ఉత్తరం మాత్రం బల్ల మీద ఆవిడకు కనిపించేలా వదిలేశాడు.

మూడో తాళం వచ్చింది. చూడటానికి సాదాగా, బొటనవేలంత గొట్టంతో ఉంది. కాగితం లేదు, ముద్ర లేదు. తయారు చేసినవాడు పొట్లం మీద తాళం కొలతలు రాసి పంపించాడు, అంతే. నెల అయింది. రెండు నెలలయింది. ఆవిడ కొత్త పుల్లలు చేయించుకుంది. పిన్నుల లెక్కంతా ఒక పుస్తకంలో బొమ్మ గీసుకుంది. ఒక్క పిన్ను కూడా నిజం చెప్పడం లేదు. ఒక శనివారం ముసలాయన కూడా వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, రెండు టీలు తాగి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

సెక్రటరీ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "ఇదే! ఇన్నాళ్ళకు దొరికింది. వచ్చే ఆదివారమే సమావేశం పెట్టి ఇరవై నాలుగు తలుపులకీ ఇదే వేయిస్తాను. ఇటివ్వు, చూపించాలి" అని చెయ్యి చాపాడు.

ఆవిడ తాళం మీద అరచెయ్యి పెట్టింది. "ఆగండి. ఇంకా అవలేదు."

"అవకపోవడమే కదా మనకి కావలసింది!"

"మీకు. నాకు కాదు."

"ఎన్నాళ్ళు మరి?"

"తెలీదు. నిన్న రెండో పిన్ను కొంచెం కదిలినట్టనిపించింది."

"కదిలిందా?" సెక్రటరీ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఏదీ, ఎక్కడ?" అని వంగి చూశాడు. బయటి నుంచి కనిపించేది ఏమీ లేదు. అయినా ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి ఆ చిన్న రంధ్రంలోకి చూస్తూ కూర్చున్నారు. అత్తగారు వచ్చి భోజనాలకు బల్ల ఖాళీ చేయమంటే, ఈ పూటకు వంటింట్లో తిందామన్నాడు కొడుకు.

ఇప్పటికీ ఆ భవనంలో ఇరవై నాలుగు తలుపులకూ నాలుగు నిమిషాల్లో తెరుచుకునే తాళాలే ఉన్నాయి. ఎవరికీ తెరుచుకోని ఆ ఒక్క తాళం ఏ తలుపుకూ లేకుండా సెక్రటరీగారి భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. కొత్త తాళాల సంగతి ఏమైందని ప్రతి సమావేశంలోనూ రిజిస్ట్రారుగారు అడుగుతారు. "పరీక్షలో ఉందండీ" అని చెప్పి, సెక్రటరీ తర్వాతి అంశానికి వెళ్తాడు.